యూదుల పిల్లలు మతవిద్య ఎలా నేర్చుకుంటారు: మన తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో యూదుల కమ్యూనిటీ సెంటర్ నడిపే ఒక ప్రీస్కూల్లో ఏడేళ్లు అసిస్టెంట్ టీచర్‌గా చేశాను. నేను యూదురాలిని కాదు. మాది తెనాలి. ఆ ఏడేళ్లలో పిల్లలు అక్షరాలు దిద్దడం దగ్గర్నుంచి, పదమూడేళ్లొచ్చి సినగాగ్‌లో (యూదుల ప్రార్థనామందిరంలో) అందరి ముందు నిలబడి తోరా అనే వాళ్ల పవిత్ర గ్రంథం చదవడం దాకా దగ్గరుండి చూశాను. అక్కడ పని చేశానని తెలిసి మన స్నేహితులు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. కొందరికి బార్ మిట్స్వా అనే పదమూడేళ్ల పిల్లల వేడుకకు పిలుపు వస్తుంది, కొందరి పిల్లలు అలాంటి ప్రీస్కూల్లో చేరతారు, ఒకరిద్దరి ఇళ్లలో యూదుల సంబంధమే కుదిరింది. ఎక్కువగా అడిగినవన్నీ ఇక్కడ రాశాను. చాలావరకు అమెరికాలో పద్ధతుల గురించే ఉంటుంది, అవసరమైన చోట ఇజ్రాయెల్, ఇండియా సంగతులు కూడా కలిపాను.

హీబ్రూ స్కూల్ అంటే హీబ్రూ భాష నేర్పే స్కూలేనా?

పేరు అలా ఉంది గానీ కాదు. మామూలు పబ్లిక్ స్కూల్లో చదివే యూదుల పిల్లలు ఆదివారం పొద్దున, చాలా చోట్ల వారంలో ఇంకో సాయంత్రం కూడా, సినగాగ్‌కి వెళ్లి నేర్చుకునే క్లాసులను అలా అంటారు. మన బాలవిహార్ లాంటిదే అనుకోండి. అక్కడ హీబ్రూ చదవడం, ప్రార్థనలు, పండుగలు, బైబిల్ కథలు, యూదుల చరిత్ర, మంచి నడవడి చెబుతారు. రిలిజియస్ స్కూల్ అని కూడా అంటారు.

ఈ ఆదివారం బడి పద్ధతిని అమెరికాలో మొదలుపెట్టింది రెబెకా గ్రాట్జ్ అనే మహిళ, 1838లో ఫిలడెల్ఫియాలో. అంతకు ముందు ట్యూటర్‌ని పెట్టుకోగలిగిన ఇళ్లలో పిల్లలే చదువుకునేవారు. ఆమె పేద పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఉచితంగా తలుపు తెరిచింది. పాఠాలు చెప్పింది కూడా ఆడవాళ్లే. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మాట.

ఏ వయసులో మొదలుపెడతారు?

ఇంట్లో అయితే మాటలు వచ్చిన రోజు నుంచే. రాత్రి పడుకోబెట్టేటప్పుడు 'షెమా' అనే ప్రార్థన మొదటి వాక్యం చెప్పిస్తారు. దేవుడు ఒక్కడే అని చెప్పే వాక్యం అది. మన తెలుగు బైబిల్లో ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంటుంది. దాని వెంటనే వచ్చే మాటలే వాళ్ల చదువుకు పునాది: ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకుంటున్నా, లేస్తున్నా ఈ మాటలు నీ పిల్లలకు నేర్పుతూ ఉండు అని. ఆ ఆజ్ఞ ఇచ్చింది తల్లిదండ్రులకు. బడి తర్వాత వచ్చింది.

బడి ఎలా వచ్చిందో తాల్మూద్ అనే రబ్బీల (యూదు మతగురువుల) చర్చల గ్రంథంలో ఒక కథ ఉంది. అది చదివినప్పుడల్లా నాకు మనసు కదులుతుంది. తొలిరోజుల్లో తండ్రి ఉన్నవాడికి తండ్రి నేర్పేవాడట, తండ్రి లేనివాడికి చదువే లేదు. దాంతో యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ప్రతి ఊళ్లో పంతుళ్లను పెట్టి, ఆరేడేళ్ల పిల్లలందరినీ బడిలో వెయ్యమని కట్టడి చేశాడు. ఇది దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మాట. అదే చోట క్లాసులో ఎంతమంది ఉండాలో కూడా రాసి ఉంది: ఇరవై అయిదు మందికి ఒక పంతులు, నలభై అయితే తోడుగా సహాయకుడు, యాభై అయితే ఇద్దరు పంతుళ్లు. అసిస్టెంట్ టీచర్‌గా పని చేసినదాన్ని, ఆ రెండో మాట నాకు మరీ ఇష్టం!

సంప్రదాయ గ్రంథం 'పిర్కే అవోత్' ప్రకారం అయిదేళ్లకు ధర్మశాస్త్రం, పదేళ్లకు మిష్నా, పదమూడేళ్లకు ఆజ్ఞల బాధ్యత, పదిహేనేళ్లకు తాల్మూద్. ఆచారం బాగా పాటించే కొన్ని ఇళ్లలో మగపిల్లవాడికి మూడేళ్లు నిండే దాకా జుట్టు కత్తిరించరు. మూడో పుట్టినరోజుకు అందరినీ పిలిచి కత్తిరిస్తారు, మన పుట్టువెంట్రుకలు తీయించినట్టే. ఆ రోజే అక్షరాలు రాసిన పలక మీద తేనె చుక్క వేసి నాకిస్తారు, చదువు తియ్యగా తగలాలని. మన అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలు పట్టి దిద్దించడం గుర్తొచ్చింది నాకు.

ఏ పుస్తకాలు చదువుతారు?

తోరా అంటే మోషే అయిదు పుస్తకాలు, ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా. దాన్ని 54 భాగాలు చేసి, వారానికో భాగం చొప్పున ఏడాదిలో పూర్తి చేస్తారు (కొన్ని వారాల్లో రెండు కలుపుతారు). ప్రార్థనల పుస్తకాన్ని సిద్దూర్ అంటారు. మిష్నా, తాల్మూద్ అనేవి ధర్మం మీద రబ్బీలు చేసిన చర్చలు. పూర్తికాలపు యూదు బడులైన డే స్కూళ్లలో, తాల్మూద్‌కే పెద్దపీట వేసే యెషివాల్లో వీటిని లోతుగా చదువుతారు, ఆదివారం బడిలో రుచి చూపించి వదిలేస్తారు.

హీబ్రూ అక్షరాలు పిల్లలకు కష్టమా?

అక్షరాలు 22 మాత్రమే. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అయిదు అక్షరాలకు మాట చివర వచ్చినప్పుడు రూపం మారుతుంది. మన యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు దిద్దిన చేతికి ఇదేం లెక్క అనిపిస్తుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది.

హీబ్రూలో అక్షరాలన్నీ దాదాపు హల్లులే. అచ్చుల ధ్వని కోసం కిందా పైనా చుక్కలు, గీతలు పెడతారు. పిల్లల పుస్తకాల్లో అవి ఉంటాయి. సినగాగ్‌లో చదివే తోరా చుట్టలో (చుట్టిపెట్టే పొడవాటి ప్రతిలో) మాత్రం ఉండవు. తెలుగులో గుణింతపు గుర్తులన్నీ తీసేసి 'క మ ల' అని మాత్రమే రాశారనుకోండి. అది కమలా, కోమలా, లేక కుమిలా? వాక్యం తెలిసినవాడే చెప్పగలడు. పన్నెండేళ్ల పిల్లవాడు అలాంటి పాఠాన్ని, కామా ఫుల్‌స్టాప్ కూడా లేకుండా, రాగంతో సహా చదవాలి.

అర్థం తెలియకుండా గబగబా చదివేస్తే ఏం లాభం?

ఇది యూదు తల్లిదండ్రులే ఎక్కువ బాధపడే విషయం. వారానికి రెండు మూడు గంటల్లో భాష రాదు. చాలామంది పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు, ప్రార్థన పాడగలరు, కానీ ఏ మాటకు ఏ అర్థమో అడిగితే చెప్పలేరు. మన పిల్లలు విష్ణు సహస్రనామం ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదువుతున్నారు కదా, అలాగే.

నాకు తెలిసిన మంచి టీచర్లు దీనికి ఒక దారి పట్టారు. ప్రార్థన మొత్తం అర్థం చెప్పాలని తాపత్రయపడరు. ముఖ్యమైన పది పదిహేను మాటలు ఎంచుకుని, వాటి మూలం పట్టిస్తారు. ఉదాహరణకు 'షాలోం' (శాంతి), 'షలేం' (నిండుగా ఉండటం) ఒకే మూడక్షరాల నుంచి పుట్టాయి. అది తెలిసిన పిల్లవాడు సిద్దూర్‌లో ఆ మూడక్షరాలు కనిపించిన చోటల్లా వేలు పెట్టి చూపిస్తాడు. ఒక్కసారిగా పేజీ వాడి సొంతమైపోతుంది. ఆ పద్ధతిని అన్ని చోట్లా పెట్టాలని గట్టిగా కోరుకునేదాన్ని నేను.

బార్ మిట్స్వా అంటే ఏమిటి? పెద్ద పుట్టినరోజు పార్టీనా?

పార్టీ ఉంటుంది, కానీ అసలు సంగతి అది కాదు. మిట్స్వా అంటే ఆజ్ఞ, దేవుడు చెప్పిన విధి. పదమూడేళ్లు నిండిన మగపిల్లవాడు ఆ విధులకు తానే బాధ్యుడవుతాడు. అంతవరకు తప్పొప్పులు తండ్రివి, ఆ రోజు నుంచి వాడివి. వేడుక చేసినా చెయ్యకపోయినా వయసు రాగానే ఆ బాధ్యత వచ్చేస్తుంది. మన ఒడుగుతో పోలుస్తుంటారు. పోలిక కొంతవరకే నిలుస్తుంది, ఎందుకంటే ఇది కులాన్ని బట్టి వచ్చేది కాదు, ప్రతి యూదు పిల్లవాడిదీ.

తయారీ ఏడాది, కొన్ని చోట్ల అంతకంటే ముందే మొదలవుతుంది. పుట్టినరోజు దగ్గర్లో వచ్చే శనివారానికి తోరాలో ఏ భాగం వస్తుందో చూసి అది ఇస్తారు. ఎంచుకునే వీలుండదు, దొరికింది దొరికినట్టే. తర్వాత రబ్బీగానీ, సినగాగ్‌లో పాడే కాంటర్‌గానీ, ప్రైవేటు ట్యూటర్‌గానీ వారం వారం నేర్పుతారు. 'తిక్కున్' అనే పుస్తకంలో ప్రతి పేజీలో రెండు వరసలు ఉంటాయి. ఒక వరసలో చుక్కలు, రాగం గుర్తులు అన్నీ ఉంటాయి. పక్క వరసలో అదే పాఠం చుట్టలో ఉన్నట్టు బోడిగా ఉంటుంది. ముందు నిండు వరస చూసి నేర్చుకోవాలి, తర్వాత దాన్ని చేత్తో మూసేసి రెండోది చదవాలి. రాగం గుర్తులు చూస్తే వేదం పుస్తకాల్లో అక్షరాల కిందా పైనా ఉండే స్వరాల గీతలు గుర్తొస్తాయి. ఏ మాట ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో, ఎక్కడ ఆపాలో అవే చెబుతాయి.

చదివేది ఒక సగమే. రెండో సగం 'ద్వార్ తోరా', అంటే తనకు వచ్చిన భాగం మీద పిల్లవాడే రాసుకుని చేసే చిన్న ప్రసంగం. మా పక్కింటి అబ్బాయికి లేవీయకాండంలో చర్మవ్యాధుల భాగం వచ్చింది. వాళ్లమ్మ తల పట్టుకుంది. అబ్రాహాము కథో, ఎర్రసముద్రం చీలడమో వచ్చినా బాగుండేది కదా అని. ఆ అబ్బాయి నెలలు కూర్చుని ఒకటి పట్టుకున్నాడు. జబ్బు చేసినవాణ్ణి పాళెం బయట ఉంచమంది శాస్త్రం, నిజమే. కానీ నయమైందో లేదో చూడటానికి యాజకుడే పాళెం దాటి బయటకు వెళ్లి అతన్ని చూడాలట, రోగి లోపలికి రానక్కర్లేదు. "అంత పెద్దమనిషి ఎందుకు వెళ్లాలి?" అని ప్రశ్న వేసుకుని, కోవిడ్ రోజుల్లో ఒంటరిగా గదిలో ఉన్న వాళ్ల తాతగారి గురించి మాట్లాడాడు. హాలంతా నిశ్శబ్దం.

ఆ రోజే ఇంకోటి చూశాను. తోరా చుట్ట తోలు మీద చేత్తో రాసింది, దాన్ని వేళ్లతో తాకరు. చివర చూపుడువేలు ఉన్న చిన్న వెండి పుల్లతో వరస వెంట చూపిస్తూ చదువుతారు. దాని పేరు 'యాద్', అంటే చెయ్యి. పిల్లవాడి చెయ్యి వణుకుతుంటే ఆ వెండి వేలు కూడా వణుకుతోంది. మధ్యలో ఒక మాట తప్పు పలికాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన మెల్లగా సరైన మాట అందించారు. పిల్లవాడు ఆ మాట మళ్లీ పలికి ముందుకు వెళ్లాడు. ఎవరూ నవ్వలేదు, గుసగుసలాడలేదు. అందరి ముందు తప్పు చదివితే సరిదిద్దడం రివాజు, ఎనభై ఏళ్లాయన చదివినా అంతే. స్టేజీ మీద ఒక్క మాట మర్చిపోతే తల్లిదండ్రుల మొహం చూసి బిక్కచచ్చిపోయే మన పిల్లలు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

ఆడపిల్లలకు ఉండదా?

ఉంటుంది. బాత్ మిట్స్వా అంటారు. ఆచారాలు కఠినంగా పాటించే ఆర్థడాక్స్ వాళ్లలో పన్నెండేళ్లకు, మిగతా వాళ్లలో ఎక్కువగా పదమూడుకు చేస్తారు. అమెరికాలో మొదటిది 1922 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిందని చెబుతారు. రబ్బీ మొర్దెకై కప్లాన్ తన కూతురు జూడిత్‌కు చేయించారు. ఆమె ఆ రోజు చుట్ట నుంచి కాదు, అచ్చు పుస్తకం నుంచే చదివింది. ఇప్పుడు ఆచారాలను కాలానికి తగ్గట్టు మార్చుకునే రిఫార్మ్, ఆ రెంటికీ మధ్యలో ఉండే కన్సర్వేటివ్ సినగాగ్‌లలో ఆడపిల్లలు చుట్ట నుంచే చదువుతారు, అచ్చం అబ్బాయిల్లాగే. ఆర్థడాక్స్‌లో మాత్రం పద్ధతి వేరు, చాలా చోట్ల ప్రసంగం చేస్తారు గానీ మగవాళ్లున్న సభలో తోరా చదవరు.

ఆర్థడాక్స్ ఆడపిల్లల చదువుకు దారి వేసినామె పోలండ్‌లో క్రాకోవ్‌కు చెందిన సారా షెనీరెర్. ఆమె బట్టలు కుట్టి బతికేది. అబ్బాయిలు యెషివాలకు వెళ్తుంటే అమ్మాయిలు ఇంట్లో ఉండిపోవడం చూడలేక 1917లో కొద్దిమంది పిల్లలతో బడి పెట్టింది. అదే బైస్ యాకోవ్ బడుల మొదలు. ఈ రోజు ఆ పేరుతో బడులు చాలా దేశాల్లో ఉన్నాయి.

పిల్లలు టీచర్‌ని, రబ్బీని అలా ఎదురు ప్రశ్నలు వేస్తారేంటి? మర్యాదేనా?

మనవాళ్లకు మొదట్లో ఇదే వింతగా ఉంటుంది. నాక్కూడా ఉండేది. "అబ్రాహాము కొడుకుని బలి ఇవ్వబోతే దేవుడు ముందే ఎందుకు ఆపలేదు?" అని ఒక అయిదేళ్ల పాప అడిగితే, నేను మాట మార్చబోయాను. హెడ్ టీచర్ నన్ను ఆపి, "ఎంత మంచి ప్రశ్న! మీరేమనుకుంటున్నారు?" అని మిగతా పిల్లలను అడిగారు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. చివరికి జవాబు కూడా చెప్పలేదు ఆవిడ.

తర్వాత అర్థమైంది, అడగడం వాళ్ల దగ్గర విధి అని. పస్కా పండుగ రాత్రి భోజనాల దగ్గర అందరిలోకీ చిన్నవాడు లేచి "ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరుగా ఉంది?" అని పాడాలి. తమ పూర్వీకులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడ్డ కథ పెద్దవాళ్లు చెప్పేది ఆ ప్రశ్నకు జవాబుగానే. ఆ రాత్రి చదివే పుస్తకంలో నలుగురు కొడుకుల ప్రస్తావన వస్తుంది: తెలివైనవాడు, ఎదురు తిరిగేవాడు, అమాయకుడు, ఎలా అడగాలో కూడా తెలియనివాడు. ఆ నాలుగోవాడి గురించి రాసింది చూడండి. వాడు అడగలేడు కాబట్టి వదిలెయ్యమనలేదు. నువ్వే మొదలుపెట్టి వాడి నోరు విప్పించు అంది.

పిల్లలు నిద్రపోకుండా ఇంకో ఉపాయం కూడా ఉంది. పులియని రొట్టె ముక్క ఒకటి దాచిపెడతారు. పిల్లలు వెతికి పట్టుకుని, దాని కోసం పెద్దవాళ్లతో బేరమాడతారు. అది తెచ్చి ఇస్తేగానీ భోజనం ముగియదు.

పెద్ద పిల్లలు తాల్మూద్ చదివేటప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. దాన్ని 'హవ్రూతా' అంటారు. ఒకడు ఒక అర్థం చెబితే రెండోవాడు కాదని వాదించాలి. యెషివా హాల్లోకి వెళ్తే మన కూరగాయల మార్కెట్టులా గోలగా ఉంటుంది. లైబ్రరీలో నిశ్శబ్దం ఎంత అవసరమో, అక్కడ ఆ గోల అంత అవసరం.

డే స్కూల్, యెషివా, హీబ్రూ స్కూల్: తేడా ఏమిటి?

డే స్కూల్ పూర్తి బడి. లెక్కలు, సైన్స్, ఇంగ్లీషుతో పాటు సగం రోజో, అంతకంటే తక్కువో యూదు చదువులు ఉంటాయి. యెషివా అనే పేరు ఎక్కువగా ఆర్థడాక్స్ అబ్బాయిల బడులకు వాడతారు, అక్కడ తాల్మూద్‌దే పెద్దపీట. హసిడిక్ అనే ఆర్థడాక్స్ వర్గాల కొన్ని బడుల్లో మామూలు సబ్జెక్టులు మరీ తక్కువ చెబుతున్నారని న్యూయార్క్‌లో చాలాకాలంగా వివాదం ఉంది. ప్రైవేటు బడుల చదువు ప్రభుత్వ బడులకు సమానంగా ఉండాలని 2022లో ఆ రాష్ట్రం నిబంధనలు తెచ్చింది. నా మట్టుకు నాకు, పిల్లవాడికి రేపు బతుకుదెరువు చూపించే చదువు కూడా ఇవ్వాల్సిందే. కొడుకుకి తండ్రి చెయ్యాల్సిన వాటిలో తోరాతో పాటు ఒక వృత్తి నేర్పడం కూడా తాల్మూద్ చెప్పింది. ఈత నేర్పాలని కూడా అందులోనే ఉంది!

ఫీజులు ఎలా ఉంటాయి?

డే స్కూల్ ఖరీదైనదే, ఏడాదికి పదివేల డాలర్లు దాటడం మామూలు, పెద్ద ఊళ్లలో అంతకు రెండు మూడింతలు కూడా ఉంటుంది. స్తోమత లేనివాళ్లకు ఫీజు తగ్గించే పద్ధతి దాదాపు అన్ని చోట్లా ఉంది. హీబ్రూ స్కూల్ చాలా తక్కువ, కానీ చాలా చోట్ల సినగాగ్ సభ్యత్వం కూడా కట్టాలి.

పదమూడేళ్లు దాటాక టీనేజ్ పిల్లలు వెళ్తారా?

చాలామంది మానేస్తారు. బార్ మిట్స్వా అయిపోయింది, ఇక చాలు అనుకుంటారు. స్కూల్ హోంవర్క్, సాకర్, పరీక్షల టెన్షన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. దీని గురించి దిగులుపడని రబ్బీని నేను చూడలేదు. పదో తరగతి వయసులో 'కన్ఫర్మేషన్' అని రిఫార్మ్ సినగాగ్‌లలో ఇంకో మెట్టు ఉంది, తోరా ఇచ్చిన రోజుగా జరుపుకునే షవువోత్ పండుగకు చేస్తారు. బార్ మిట్స్వా తర్వాత కూడా చదువు సాగడానికి అది సాయపడుతుంది.

టీనేజర్లను నిజంగా పట్టి ఉంచేది మాత్రం సమ్మర్ క్యాంపులు, యూత్ గ్రూపులు. కన్సర్వేటివ్ వాళ్ల రామా క్యాంపు 1947లో విస్కాన్సిన్‌లో మొదలైంది. బీబీవైవో (BBYO) అనే యూదుల యూత్ సంస్థ మూలాలు 1924లో ఒమాహాలో ఉన్నాయి. అక్కడ మీటింగులు నడిపేది, ప్రార్థన చేయించేది, గొడవలు తీర్చేది పిల్లలే. మా పక్కింటి అబ్బాయి బార్ మిట్స్వా తర్వాత హీబ్రూ స్కూల్ గడప తొక్కలేదు. క్యాంపుకి మాత్రం ఏటా వెళ్లాడు. పదహారేళ్లకు అక్కడే చిన్నపిల్లలకు రాగాలు నేర్పుతున్నాడు. శుక్రవారం సాయంత్రం అందరూ తెల్లబట్టలు వేసుకుని చెరువు గట్టున పాడతారట, "ఆంటీ, అది క్లాసులా ఉండదు" అన్నాడు నాతో.

ఇజ్రాయెల్‌లో కూడా ఇలాగే ఉంటుందా?

కాదు. అక్కడ హీబ్రూ వీధిభాష, శనివారం ప్రభుత్వ సెలవు, కాబట్టి ఆదివారం బడి అవసరమే లేదు. 1953 చట్టం ప్రకారం ప్రభుత్వ బడులు రెండు రకాలు: మామూలువి, మతపరమైనవి. మామూలు బడుల్లో కూడా బైబిల్ ఒక సబ్జెక్టు. హరేదీలనే కఠిన సంప్రదాయవాదుల బడులు వేరు, అరబ్ పిల్లల బడులు వేరు.

హోలోకాస్ట్ గురించి పిల్లలకు ఎప్పుడు చెబుతారు?

ప్రీస్కూల్లో చెప్పరు. చిన్న తరగతుల్లో ఎవరో ఒకరిని కాపాడినవాళ్ల కథలతో మొదలుపెట్టి, నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపారన్న నిజం, దాని వివరాలు మిడిల్ స్కూల్, హైస్కూల్‌లో చెబుతారు. న్యూజెర్సీలో 1994 నుంచి పబ్లిక్ స్కూళ్లలోనూ ఈ పాఠం తప్పనిసరి, కాబట్టి మన పిల్లలు కూడా చదువుతారు. వాళ్లు ఇంటికొచ్చి అడిగితే మాట దాటెయ్యకండి.

సినగాగ్ గుమ్మం దగ్గర పోలీసులు ఎందుకు ఉంటారు?

2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ఒక సినగాగ్‌లో శనివారం ప్రార్థనల్లో ఉండగా ఒకడు తుపాకీతో పదకొండు మందిని చంపేశాడు. ఆ తర్వాత కాపలా ఇంకా పెరిగింది. మా ప్రీస్కూల్లో కూడా ఫైర్ డ్రిల్‌తో పాటు తలుపులేసుకుని చప్పుడు చెయ్యకుండా కూర్చునే డ్రిల్ ఉండేది. మూడేళ్ల పిల్లలను ఒడిలో పెట్టుకుని, ఇది దాగుడుమూతలాట అని చెప్పడం నేను మర్చిపోలేను.

మా పాపను యూదుల ప్రీస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. మతం మార్చేస్తారా?

మార్చరు. ఇతరులను తమ మతంలోకి రమ్మని పిలవడం యూదుల పద్ధతి కాదు. తనంతట తాను వస్తానన్నవాళ్లను కూడా వెంటనే చేర్చుకోరు. ప్రీస్కూల్లో మాత్రం పండుగలు, పాటలు అందరికీ ఒకటే. శుక్రవారం చిన్న కొవ్వొత్తులు, ద్రాక్షరసం, 'హల్లా' అనే జడలా అల్లిన రొట్టె ఉంటాయి. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వాళ్ల విశ్రాంతి దినం సబ్బాతు కోసం అవి. మీ పాప ఇంటికొచ్చి 'షబ్బత్ షాలోం' (సబ్బాతు శుభాకాంక్షలు) అని పాడుతుంది. కంగారు పడకండి.

లంచ్ బాక్స్‌లో ఏం పెట్టాలి?

రూల్సు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ముందే రాసి ఇస్తారు. చాలా చోట్ల మాంసం వద్దంటారు, ఎందుకంటే కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం మాంసం, పాలు కలవకూడదు. పప్పన్నం, పెరుగన్నం హాయిగా పెట్టొచ్చు. పల్లీలు, జీడిపప్పు ఎలర్జీల వల్ల వద్దంటారు కాబట్టి పులిహోరలో అవి మానెయ్యాలి.

పస్కా వారంలో మాత్రం జాగ్రత్త. ఒక తెలుగు తల్లి ఆ వారం చపాతీలు పంపింది. ఈస్టు లేదు కదా, వాళ్ల పులియని రొట్టె మట్సా లాంటిదే కదా అని ఆవిడ లెక్క. కానీ పిండిలో నీళ్లు పోసిన దగ్గర్నుంచి 18 నిమిషాల్లో కాల్చడం పూర్తవ్వాలి, పైగా అది పస్కా కోసమే ప్రత్యేకంగా చేసి ఉండాలి. మన చపాతీ పిండి నానబెడతాం. డైరెక్టర్‌గారు ఆవిడను పక్కకు పిలిచి ఎంతో ఓపిగ్గా చెప్పారు. అన్నం సంగతీ అడగండి. యూరప్ మూలాలున్న యూదులు సంప్రదాయంగా ఆ వారం అన్నం, పప్పులు తినరు, మధ్యప్రాచ్యం నుంచి వచ్చిన కుటుంబాలు చాలావరకు అన్నం తింటాయి. పండ్లు, బంగాళదుంపలు ఎక్కడైనా సరే.

మా అబ్బాయి యూదుల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మనవలు ఏమవుతారు?

ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ పద్ధతిలో తల్లిని బట్టే, కాబట్టి తల్లి యూదురాలైతే పిల్లలు యూదులే. తండ్రి ఒక్కడే యూదుడైతే ఆ రెండు వర్గాలూ ఒప్పుకోవు, పిల్లలను పద్ధతి ప్రకారం మతంలోకి చేర్చుకోవాలి. రిఫార్మ్ రబ్బీలు 1983లో తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా, పిల్లలను యూదులుగా పెంచితే చాలన్నారు. హీబ్రూ స్కూల్లో చేర్చేటప్పుడు ఇది ముందే అడిగి తెలుసుకోండి. పన్నెండేళ్లు వచ్చాక తెలిస్తే పిల్లల మనసు చాలా గాయపడుతుంది. నానమ్మ తాతయ్యలుగా మీరు వెళ్లి ముందు వరసలో కూర్చోండి, వాళ్లు ఎంతో సంతోషిస్తారు.

ఇండియాలో యూదుల బడులు ఉన్నాయా? మన ఆంధ్రలో యూదులున్నారంటే నిజమేనా?

ముంబైలో సర్ ఎలీ కదూరీ స్కూల్ 1875లో బెనే ఇజ్రాయెల్ అనే మహారాష్ట్ర యూదుల పిల్లల కోసం పుట్టింది. కోల్‌కతాలో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ 1881 నాటిది. యూదులు చాలామంది ఇజ్రాయెల్, ఇతర దేశాలకు వెళ్లిపోయారు. ఇప్పుడు కోల్‌కతా బడిలో ఎక్కువమంది ముస్లిం ఆడపిల్లలు చదువుకుంటున్నారు. బడి పేరు మాత్రం అలాగే ఉంది.

ఆంధ్ర సంగతి నిజమే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాల వాళ్లు, ముందు తరాల్లో క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు. తమ పూర్వీకులు ఇజ్రాయెల్ గోత్రాల్లో ఎఫ్రాయిమ్ వంశం అని చెబుతారు. షముయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ములు దీన్ని ముందుకు నడిపించారు. అక్కడ చిన్న సినగాగ్ ఉంది, శనివారం సబ్బాతు పాటిస్తారు, పిల్లలకు హీబ్రూ ప్రార్థనలు నేర్పుతారు. ఇజ్రాయెల్ రబ్బీల వ్యవస్థ వాళ్లను ఇంకా యూదులుగా గుర్తించలేదు. తెనాలిలో పెరిగి, మా వైపే ఉన్న ఈ ఊరి గురించి నేను అమెరికా వచ్చాక విన్నాను, అందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ నేర్చుకునే ఆ పిల్లల చదువు గురించి మనవాళ్లు ఇంకా ఎక్కువ తెలుసుకోవాలి, రాయాలి.

బార్ మిట్స్వాకి పిలిచారు. ఏం కట్టుకోవాలి, ఏం ఇవ్వాలి?

చీర కట్టుకోవచ్చు, భుజాలు కప్పుకుంటే చాలు. మగవాళ్లకు గుమ్మం దగ్గర 'కిప్పా' అనే చిన్న టోపీ ఇస్తారు, యూదులు కాకపోయినా పెట్టుకోవాలి. ఫోన్ ఆపెయ్యండి. శనివారం ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ సినగాగ్‌లలో ఫొటోలు తియ్యరు. అందరూ లేచినప్పుడు లేవండి. చివర్లో పిల్లవాడి మీద మెత్తటి చాక్లెట్లు విసరమని చేతిలో పెడితే విసరండి, మీ పిల్లలు ఏరుకుంటారు.

మనం 116, 516, 1116 చదివించినట్టు వాళ్లు 18 లెక్కన ఇస్తారు: 36, 54, 180 ఇలా. హీబ్రూలో అక్షరాలకు అంకెలు కూడా ఉన్నాయి. 'హై' అంటే ప్రాణం, బతుకు. ఆ మాటలోని రెండక్షరాలు ఎనిమిది, పది కలిస్తే పద్దెనిమిది. కవరు మాత్రం శనివారం సినగాగ్‌లో ఇవ్వకండి, సబ్బాతు రోజు డబ్బు ముట్టుకోరు. రాత్రి పార్టీలోగానీ, పోస్టులోగానీ ఇవ్వండి.

పిల్లవాడి దగ్గరికి వెళ్లి ఏమనాలి?

'మజల్ తోవ్' (అభినందనలు) అనండి. తర్వాత వాడి ప్రసంగంలో మీకు నచ్చిన ఒక్క మాట గుర్తుపెట్టుకుని, దాని మీద ఏదైనా అడగండి.